పెరటితోటకు నీరే కొలబద్ద

మాఘమాసము వచ్చినది మొదలు మన పల్నాటిసీమ ఎఱ్ఱబారును. నరసరావుపేట నుండి మాచర్ల వరకు ఏ దారిని పోయినను కల్లములలో ఆరబోసిన మిరపకాయలే కన్నులకు కట్టును. అట్టి కల్లముగల రైతు ఇంటి ముంగిట ప్రతి ఉదయమున కూరల బండి వచ్చి ఆగును. ఇల్లాలు ఒక కట్ట గోంగూర, ఒక కట్ట తోటకూర, నాలుగు బెండకాయలు, రెండు రెబ్బల కరివేపాకు కొని, కొంగున ముడివేసిన నోటు విప్పి యిచ్చును. అదే యింటి వెనుక స్నానము చేసిన నీరు, పాత్రలు తోమిన నీరు సందులోనికి పారి, బురదయై, దోమలకు నిలయమగుచుండును. ముందు గుమ్మమున డబ్బు పోవుచున్నది. వెనుక గుమ్మమున నీరు పోవుచున్నది. ఈ రెండు నష్టములను ఒక్క పనితో ఆపవచ్చునని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ పని పెరటితోట. ఇది క్రొత్త మాట కాదని మేమెరుగుదుము. పెరటితోట వేయుడని చెప్పని అధికారి లేడు, వినని రైతు లేడు. అయినను ఊరిలో లెక్కించి చూచినచో సంవత్సరమంతయు పచ్చగా నిలిచిన పెరళ్లు చేతివ్రేళ్లకు మించవు. కావున వేయుడని మరల ఉపదేశించుటకంటె, వేసినవి ఏల నిలువకున్నవో విచారించుట మేలని తోచినది. మాకు తోచిన కారణమును ముందుగనే చెప్పుచున్నాము: మనము తోటను నేలనుబట్టి కొలుచుచున్నాము, నీటినిబట్టి కొలుచుట లేదు.

ఒక తరము వెనుకకు పోయి చూతము. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10 వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4 వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. అంతకుముందు మన సీమ జొన్నకును సజ్జకును పేరుపొందిన మెట్టసీమ. నీరు తక్కువయే గాని, జొన్నచేలోనే కూర యుండెడిది. సాళ్ల నడుమ కంది, అలసంద; చేనిగట్టు వెంబడి గోగు; ఒక మూల దోసపాదు. చేనికి పోయిన మనిషి రిక్తహస్తములతో ఇంటికి వచ్చుట అరుదు. కుడికాలువ వచ్చిన తరువాత మన బ్రతుకు మెరుగుపడినది. దానిని కాదనుట కృతఘ్నత. కాని పత్తియు మిరపయు చేను మొత్తమును ఆక్రమించినకొలది, గట్టు మీది గోగు పోయినది, సాళ్ల నడుమ అలసంద పోయినది. పైకముకొరకు పండించుట నేర్చితిమి. కూరకొరకు పండించుట మరచితిమి. చేనిలో పోయిన ఆ కూర పెరటిలోనికి రావలసియుండెను, రాలేదు.

దీనివలన నష్టమేమి, కొనుక్కొని తినుచున్నాము గదా యని కొందరందురు. నష్టము రెండు విధములు. మొదటిది ఒంటికి. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఐదేండ్లలోపు పిల్లలలో అది నూటికి 63.2. అన్నము లేక కాదు ఈ రక్తహీనత. అన్నము ప్రక్కన ఉండవలసినవి లేక కలిగినది చాలవరకు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 వ సంవత్సరమున ప్రకటించిన మార్గదర్శకములలో, మనిషికి దినమునకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండవలెనని చెప్పినది. ఐదుగురున్న ఇంటికి అది రోజుకు 2 కిలోల కూరలు. మనలో ఎందరి ఇండ్లలో రోజుకు 2 కిలోల కూరలు తెగుచున్నవి? చారుతోను పచ్చడితోను గడుపు దినములెన్ని? ఆ పచ్చడి మెతుకులతో మొదట సరిపెట్టుకొనునది ఎవరో, అందరి తరువాత భోజనమునకు కూర్చుండునది ఎవరో చెప్పనక్కరలేదు.

రెండవ నష్టము స్వతంత్రమునకు. 2021 వ సంవత్సరాంతమున నల్లతామరపురుగు మన మిరపతోటల మీద పడి పూతను నాశనము చేసినది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, క్వింటాలుకు 11,781 రూపాయలుగా కేంద్రప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద ధర ప్రకటింపవలసి వచ్చినది. పురుగు మన చేతిలో లేదు. గుంటూరు యార్డులోని ధర మన చేతిలో లేదు. పంటపోయిన ఏట అప్పులవాడు వచ్చి కూర్చుండునప్పుడు, ఇంటిలో మొట్టమొదట తగ్గునది కూరల ఖర్చే. ధర యెట్లున్నను దినమునకు ఒక గిన్నెడు ఆకుకూర తప్పక దొరకు ఇల్లు, దొరకని ఇల్లు ఒకటి కావు. పెరటితోట అప్పు తీర్చదు. అప్పుల కాలమున పిల్లల విస్తరిని కాపాడును. అంతకు మించి దానినుండి ఆశింపరాదు, అంతమాత్రము చాలును.

ఇక తోటలు ఏల నిలువవో చెప్పుదుము. మా అనుభవమునే చెప్పుట న్యాయము. ఒక ఏడు ఉత్సాహముకొలది దొడ్డిలో నాలుగు సెంట్లు దున్నించి, దొరికిన విత్తనములన్నియు చల్లితిమి. ఫాల్గుణమాసమున ఆ పచ్చదనము చూచి దారిన పోవువారు ఆగి మెచ్చుకొనిరి. చైత్రము వచ్చునప్పటికి కాలువ కట్టివేసిరి. వైశాఖములో బావిలో నీరు అడుగంటినది. త్రాగుటకే నీరు మోయుచున్న దినములలో నాలుగు సెంట్ల పాదులకు నీరు ఎవరు మోయుదురు? పది దినములలో తోటయంతయు ఎండి చొప్పయైనది. ఆ మరుసటి ఏడు విత్తనముల మాట ఎత్తినప్పుడు ఇంటివారు నవ్విరి. ఆ నవ్వులోనే మాకు బుద్ధి వచ్చినది. తప్పు ఎండది కాదు, నేలది కాదు. మేము వేసిన కొలతది.

నీటి లెక్క ఇట్లు వేయుడు. 2019 ఆగస్టు 15 వ తేదీన ప్రకటించిన జలజీవన పథకము ప్రకారము పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు ఇయ్యవలెనని కొలత. ఐదుగురికి అది 275 లీటర్లు. దీనిలో త్రాగునది, వండునది, మరుగుదొడ్డికి పోవునది, బట్టలు ఉదుకునది తీసివేయుడు. బియ్యము కడిగిన నీరు గేదెకు కుడితిగా పోవును. దానిని గూడ విడిచిపెట్టుడు. స్నానములకును, పాత్రలకును, కూరలు కడుగుటకును వాడిన నీరు మొత్తములో సగమైనను తిరిగి పట్టవచ్చును. అనగా దినమునకు 135 నుండి 140 లీటర్లు.

ఇప్పుడు మొక్క వైపు లెక్క. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందమున నీరు నిలిపినచో అది ఒక లీటరు. మన ప్రాంతమున ఫిబ్రవరి మార్చి మాసములలో కూరపాదుల నేల దినమునకు దాదాపు 4, 5 మిల్లీమీటర్ల నీరు కోరును. మే మాసపు ఎండలలో అది 7 వరకు పోవును. అర సెంటు నేల దాదాపు 20 చదరపు మీటర్లు; మన కొలతలో 24 చదరపు గజములు. మే మాసములో దానికి దినమునకు కావలసిన నీరు 140 లీటర్లు. ఇంటినుండి పారిపోవు నీరును అంతయే! ఐదుగురున్న ఇంటికి తగిన వేసవితోట అర సెంటు. ఇద్దరే యున్న ఇంటికి దానిలో సగమునకంటె తక్కువ. ఈ కొలత దాటినవాడు బావిని నమ్ముకొనుచున్నాడు. బావి వైశాఖములో మాట తప్పును. కొలతలో నున్నవాడు తన ఇంటినే నమ్ముకొనుచున్నాడు. ఇంటిలో మనుషులున్నంతవరకు స్నానములు మానవు.

అర సెంటేనా యని చిన్నచూపు చూడవలదు. రోజుకు 2 కిలోలు అది ఇయ్యదని మేమే చెప్పుచున్నాము. కాని ఆకుకూర, కరివేపాకు, పచ్చిమిర్చి బజారునుండి తెచ్చుట చాలవరకు మానిపించును. వారమునకు కొన్ని పూటల కాయకూర ఇచ్చును. వానలు పడిన తరువాత నాలుగు సెంట్లకు పెంచుకొనుటకు అడ్డెవరు? తొలకరిలో పెంచి వేసవిలో కుదించుటయే మన సీమకు తగిన పద్ధతి.

కొలత తరువాత కాలము. పెరటితోటను ఉగాదినాడు ఆరంభింతమనుకొనువారు కలరు. మంచిదినము నిజమే గాని మొక్కకు అది ఆలస్యము. లేతవేరు పైమట్టిలో నుండగనే చైత్ర వైశాఖముల ఎండ దానిని కాల్చివేయును. వేరు లోతునకు దిగిన పిమ్మట ఎండ వచ్చినచో అదే మొక్క తట్టుకొని నిలుచును. కావున రథసప్తమికి నేల సిద్ధము చేసికొని, మహాశివరాత్రిలోపుగా విత్తనము నాటవలెను. ఈ రెండు పర్వములకు నడుమ మూడు వారములు గలవు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టు దినములలోనే ఒక పూట పెరటికిచ్చిన చాలును. శివరాత్రికి ఉగాదికి నడుమ నెల దినములు. తోటకూర విత్తిన 25, 30 దినములలో కోతకు వచ్చును. శివరాత్రినాడు చల్లిన తోటకూర ఉగాదినాటి భోజనములో వడ్డించుకొనవచ్చును. ఇంతకంటె మంచి ముహూర్తమేమి కలదు?

ఇక నేల సంగతి. మన పెరళ్లలో పెక్కింటికి నాపరాళ్లు పరచియుందురు. మొత్తము పెకలింపనక్కరలేదు, నీరు పారు వైపున కొన్ని రాళ్లు తీసి మూరెడు లోతున త్రవ్విన చాలును. సున్నపురాతి నేల గనుక మట్టిలో సున్నము పాలు ఎక్కువ. అట్టి నేలలో లేతాకులు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగా నుండుట చూచుచుందుము. అది తెగులు కాదు, ఇనుపధాతువు అందకపోవుట. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద చల్లినచో తేరుకొనును. అర సెంటునకు 50 కిలోలు, అనగా రెండు మూడు గంపల చివికిన పశువుల ఎరువు త్రవ్వుటలోనే కలుపవలెను. పచ్చిపేడ వేయరాదు, దానివలన చెదలు చేరును.

పడమటి ఎండయే మన శత్రువు. కావున పడమటి వైపున ఎత్తుగా పెరుగునవి ఉండవలెను: ఒక మునగ, ఒక బొప్పాయి, రెండు అరటిపిలకలు. పెరియకుళములో రూపొందించిన పీకేయం-1 మునగ విత్తనముతోనే వచ్చి, ఏడాది తిరుగకమునుపే కాయును. ఆకు అంతకుముందే కోసికొనవచ్చును. ఉత్తరపు వైపున పందిరి వేసి ఒక సొర, రెండు బీర, ఒక కాకర పాదులు పెట్టవలెను. పాదునకు మూడు నాలుగు గింజలు పెట్టి, మొలిచిన పిమ్మట బలమైనవి రెండింటిని మాత్రము ఉంచవలెను. బీర, కాకర గింజలు పై పొట్టు గట్టివి గనుక ఒక రాత్రి నానబెట్టిన త్వరగా మొలచును. నడిమి మళ్లలో బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర. తీగబచ్చలిని దడికి ప్రాకించవచ్చును. తోటకూర గింజ సన్ననిది. ఇసుకలో కలిపి చల్లవలెను. ఆ మడిని మూడు భాగములు చేసి పది దినముల కొకటి చొప్పున విత్తినచో, ఒక్కమారే కుప్పపడి తరువాత లేకపోవుట యుండదు. టమాటాను ఈ కాలమున నాటుట వృథా. ఎండకు పూత రాలిపోవును. దానికి శీతకాలముండనే యున్నది.

నీరు పోయుటలో రెండు మూడు జాగ్రత్తలు చెప్పవలసియున్నవి. స్నానపు నీటిని అరటికి, బొప్పాయికి, పందిరిపాదులకు మొదట పారించవలెను. కూరలు కడిగిన నీరు ఆకుకూరలకు. ఏ నీటినైనను మొదలులోనే పోయవలెను గాని ఆకులపై చల్లరాదు. పచ్చిగా తినువాటికి స్నానపు నీరు తగదు. బట్టలు ఉదికిన నీటిలో సబ్బుపొడి ఉప్పులెక్కువ. అది తోటకు వలదు. నీరు పారుచోట చిన్న గుంట త్రవ్వి కంకరయు ఇసుకయు నింపినచో జిడ్డు అక్కడనే ఆగును. వాడిన నీరు ఒక దినమునకు మించి నిలువయుంచరాదు. దోమలు గ్రుడ్లు పెట్టును. మొదళ్లచుట్టు ఎండుటాకులు గాని, జొన్నచొప్ప గాని, వరిగడ్డి గాని పరచినచో పోసిన నీరు నేలలోనే నిలుచును.

మందుల సంగతి గట్టిగా చెప్పక తప్పదు. మిరపకు కొట్టగా మిగిలిన మందును పెరటి బెండకు కొట్టుట మన ఊళ్లలో లేకపోలేదు. మోనోక్రోటోఫాసును కూరగాయల మీద వాడుట 2005 వ సంవత్సరముననే నిషేధించిరి. ఏ మందైనను, చల్లిన సాయంకాలమే కోసి వండుకొను పెరటిలో దానికి చోటు లేదు. మందు డబ్బాలను కడిగి నీళ్లు పోయుటకు వాడుట మరింత ప్రమాదము. పురుగు కనబడినచో చేతితో ఏరవలెను. ఇది అర సెంటు తోట, ఏరుటకు పావుగంట చాలును. పది లీటర్ల నీటిలో అరకిలో వేపగింజల పొడిని మూటకట్టి రాత్రంతయు నానబెట్టి, వడకట్టి చల్లుకొనవచ్చును. పండుఈగ కుట్టిన బీరకాయలను కుప్పమీద పారవేయక లోతుగా పాతిపెట్టవలెను. బెండకు వేసవిలో పల్లాకు తెగులు వచ్చును. దానిని కొంతవరకు తట్టుకొను అర్క అనామిక వంటి రకములు మేలు. ఇంకొక మాట: పత్తికట్టెను పెరటిదడికి వాడవలదు. దానికి మిగిలిన కాయలలో గులాబిరంగు పురుగు దాగియుండి తరువాతి పత్తికి ప్రాకును. చిల్లకంప దడి చాలును.

ఇప్పుడు అన్నిటికంటె కష్టమైన ప్రశ్నకు వచ్చితిమి. ఈ తోటను ఎవరు చూచుకొనవలెను? పెరటితోట యనగనే ఆడువారి పనియని తేల్చివేయుట మన మగవారికి అలవాటు. మాఘఫాల్గుణములు మిరపకోతల కాలము. తెల్లవారకముందే మన ఇంటి స్త్రీలు చేనికి పోవుదురు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వచ్చి పొయ్యి వెలిగింతురు. కాయలు కోసిన చేతుల మంట రాత్రి నిద్రలోను తగ్గదు. అట్టివారి నెత్తిన ఇంకొక పని మోపి, దానికి ఆరోగ్యమని పేరుపెట్టుట ధర్మము కాదు. వేసిన తోటలు ఎండిపోవుటకు నీటికొరత ఒక కారణమైనచో, ఈ పని యొక్క బరువు ఒక్కరిమీదనే పడుట రెండవ కారణము.

కావున మేము చెప్పునది ఇది. త్రవ్వుట, దడి కట్టుట, పందిరి వేయుట, నీటి కాలువ తీయుట మగవారు చేయవలెను. అది ఏడాదికి రెండు దినముల పని. నీరు మళ్లించుట, పురుగులు ఏరుట బడికి పోవు పిల్లలు చేయుదురుగాక, వారికది చదువే. ఏమి వేయవలెను, ఏది కోయవలెను, మిగిలినది పొరుగింటికిచ్చుటయా అమ్ముటయా యను పెత్తనము మాత్రము ఇల్లాలిదిగా నుండవలెను. అమ్మిన నాలుగు రూపాయలును ఆమెవే. బరువు పంచి, పెత్తనమిచ్చిన ఇంట తోట నిలుచును. పెత్తనము తాముంచుకొని బరువిచ్చిన ఇంట అది వైశాఖము చూడదు.

ఆక్షేపణలు లేకపోలేదు. కోతులు బ్రతుకనియ్యవని కొండదాపు గ్రామములవారందురు. నిజమే. అట్టిచోట కాయపాదులకంటె ఆకుకూరలనే నమ్ముకొనవలెను. కోతి త్రెంపిన సొరకాయ మరల రాదు, త్రెంపిన గోంగూర పది దినములలో మరల చిగుర్చును. పెరడే లేనివారి సంగతి యేమి యని కౌలుదారులును కూలివారును అడుగుదురు. ఇది మరింత న్యాయమైన ప్రశ్న. పాత గోనెసంచులలోను, పగిలిన కుండలలోను మట్టియు ఎరువును నింపి కరివేపాకు, గోంగూర, ఒక బచ్చలితీగ పెంచుకొనవచ్చును. కాని అది పూర్తి సమాధానము కాదని ఒప్పుకొనుచున్నాము. కర్నూలు వైపునుండి మిరపకోతలకు వచ్చి మన చేలలో గుడారములు వేసికొనువారికి అదియు లేదు. పెరడున్నవారు మిగిలిన కట్ట ఆకుకూర వారికిచ్చుట చిన్న ధర్మమే గాని, మన కల్లము నింపినవారికి మనము చేయదగినది.

ప్రభుత్వము పూనుకొనిన గాని ఇట్టివి జరుగవని ఇంకొందరందురు. లోకానుభవము వేరుగా చెప్పుచున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943 వ సంవత్సరమున, అమెరికాలో దాదాపు 2 కోట్ల ఇండ్లలో పెరటితోటలు వేసిరి. ఆ దేశమునకు కావలసిన తాజా కూరలలో సుమారు నూటికి 40 వంతులు వాటినుండియే వచ్చినట్లు అంచనా వేసిరి. యుద్ధము ముగిసినది, ప్రచారము ఆగినది, తోటలు చాలవరకు మాయమైనవి. మన దేశమునను 1943 లోనే అధికాహారోత్పత్తి ప్రచారము మొదలైనది. పైనుండి వచ్చిన ఉత్సాహము పైవారు మాట మార్చగనే దిగిపోవును. ఇంటి నీటినిబట్టి, ఇంటి అవసరమునుబట్టి పుట్టిన తోటకు ఎవరి మాటతోను పనిలేదు.

అయినను ఒంటరిగా చేయలేనివి కొన్ని కలవు. అక్కడనే సహకార సంఘము అవసరము. మన సంఘము ఎరువులకు, పంటఋణములకు మాత్రమే యని సభ్యులు భావింపరాదు. ఎవరికి వారు బజారుకు పోయి, ఎప్పటివో తెలియని విత్తనపు పొట్లము అధిక ధరకు కొని, సగము మొలవక నిరాశపడుటకంటె, సంఘము పుష్యమాసములోనే మంచి విత్తనము మొత్తముగా తెప్పించి, పది గింజలు తడిగుడ్డలో కట్టి మొలకశాతము చూచి, అర సెంటునకు తగినట్లు చిన్న పొట్లములు కట్టి రథసప్తమినాటికి సభ్యులకు అందజేయవచ్చును. సంకరజాతులు కాని దేశవాళీ రకములైనచో, ఒక గుప్పెడు తీసికొనిన సభ్యుడు పంట చివర రెండు గుప్పెళ్లు తిరిగి ఇయ్యవలెనను నియమము పెట్టవచ్చును. గోంగూర, తోటకూర, గోరుచిక్కుడు విత్తనములు ఇట్లు ఊరిలోనే నిలుచును. కరివేపాకు, మునగ, బొప్పాయి మొక్కలు సంఘపు ఆవరణలోనే పెంచి ఇయ్యవచ్చును. దానికి కావలసిన నేల ఒక సెంటు. ఇందుకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. కావలసినది సర్వసభ్య సమావేశములో ఒక తీర్మానమును, ఆ తీర్మానమును గుర్తుంచుకొను ఒక కార్యదర్శియు మాత్రమే. ఆ సమావేశమునకు స్త్రీలును సభ్యులుగా వచ్చి తమకు ఏ విత్తనము కావలెనో తామే చెప్పినచో, మనము వ్రాయు వ్యాసములకంటె ఆ మాట ఎక్కువ పనిచేయును.

సంకల్పము చిన్నదిగా నుండుటకు సిగ్గుపడవలసిన పనిలేదు. నాలుగు సెంట్లు వేసి ఎండబెట్టుకొనిన మేము ఈ మాట చెప్పుటకు అర్హులమనుకొందుము. ఈ ఏడు రథసప్తమినాడు మన సభ్యులందరును చేయదగిన మొదటి పని విత్తుట కాదు. ఆ దినము ఉదయమునుండి రాత్రివరకు తమ ఇంటినుండి సందులోనికి పారు నీరెంతయో బిందెలతో కొలిచి చూడుడు. ఎన్ని బిందెలైనవో గోడమీద గీతలు గీయుడు. ఆ గీతలే మీ తోటకు హద్దులు. ఆ హద్దులో వేసిన తోట వైశాఖమున కూడ పచ్చగా నుండునని మా విశ్వాసము. వచ్చే ఉగాదికి మన సభ్యుల ఇండ్లలో కొన్నిటియందైనను, పచ్చడిలోనికి మామిడికాయ బజారునుండి వచ్చినను, ప్రక్కన వడ్డించు కూర పెరటినుండి రావలెనని కోరుచున్నాము.